అమ్మ వేసిన నీడలు

పక్కింటి గేటుకు రంగు వేస్తుంటే టర్పెంటైన్ వాసన మా వంటింటి దాకా వచ్చింది. ఇంకేముంది, పొయ్యి మీద చారు సంగతి మరిచిపోయి తార్నాకలోని మా పాత రేకుల ఇంటికి వెళ్ళిపోయాను.

మా నాయిన బోర్డులు రాసేవాడు. లావుగా, కొంచెం పక్కకు వాలి, చివరి అక్షరం తోక పేరు కిందుగా వెనక్కి సాగిపోయే ఆ రాతను బస్సులో పోయేవాళ్ళు కూడా తల తిప్పి చూసేవారు. వానాకాలమంతా వాకిట్లో రంగు డబ్బాలు, కాల్చిన మక్కకంకుల వాసన, గోరు సందుల్లో ఎరుపు పోకుండానే తిన్న సర్వపిండి; కడుపులోకి ఎంత రంగు పోయిందో దేవుడికే తెలియాలి. అక్షరాలు నాయినవి, అవి గోడ మీంచి లేచినట్టు కనబడేలా పక్కన వేసే నల్లటి నీడలు అమ్మవి. బ్రష్ ముంచేముందు అమ్మ ఒకసారి తన నీడ ఎటు పడుతోందో చూసుకునేది. ఎందుకో మేమెవరమూ అడగలేదు.

ఒక ఏడు పని బాగా సన్నగిల్లింది. అప్పుడే యూనివర్సిటీలో ఎన్నికలొచ్చాయి. పోటీలో ఉన్న యాదగిరన్న ఒక పొడుగాటి గోడ చూపించి, మర్నాడు మధ్యాహ్నానికి వచ్చి చూస్తానని, నచ్చితే క్యాంపస్‌లో తన గోడలన్నీ మాకేనని, లేకపోతే కొత్తగా వచ్చిన ఫ్లెక్సీల వాళ్ళకని చెప్పిపోయాడు. నాయిన అతని పేరు అక్షరాలు ముగించేసరికి బాగా పొద్దెక్కింది. తొందరకొద్దీ, ఎన్నడూ లేనిది, ఆయన కూడా నీడలకు దిగాడు. అమ్మ ఎడమ కొస నుంచి, ఆయన కుడి కొస నుంచి. నడుమ ఒక్క అక్షరం మిగిలినప్పుడు చూసుకుంటే ఏముంది, అమ్మ నీడలన్నీ ఎడమకు, నాయినవన్నీ కుడికి.

"ఏందే, గిట్లేసినవ్?" అన్నాడు నాయిన.

"నేను మొదలువెట్టినప్పుడు పొద్దు తూర్పుకు, మౌలాలి దిక్కుండె. నీడ ఇటే పడ్డది గద," అంది అమ్మ, తప్పంతా సూర్యుడిదైనట్టు.

నాయిన కూలబడిపోయాడు. ఎనామిల్ రంగు, తుడిస్తే పోదు. "నడుమది నువ్వెయ్యి బిడ్డా. ఇగ ఎటేసినా గంతే," అని బ్రష్ నా చేతికిచ్చాడు. నేనూ అమ్మలాగే కిందికి చూసుకున్నాను. నడినెత్తిన ఎండ, నీడ నా కాళ్ళ కిందే ఉంది. అక్షరానికి సరిగ్గా కిందే వేశాను.

యాదగిరన్న వచ్చి గోడ పొడుగునా నడిచాడు. కొసకు చేరాక పకపకా నవ్వాడు. "పొద్దుగాలకెల్లి మాపటిదాంక నా పేరే నిలవడ్డట్టున్నది. అన్ని గోడలూ గిట్లనే రాయాలె," అన్నాడు. ఆ వారం మా ఇంట్లో పండగే పండగ.

తర్వాత ఫ్లెక్సీలు రానే వచ్చాయి, గోడల మీద సున్నం పడింది. మొన్న మా అమ్మాయి కంప్యూటర్‌లో కొత్త అచ్చు అక్షరాలు చూపించింది. అదే లావు, అదే వాలు, అదే తోక. ఒక్క నొక్కు నొక్కితే అన్నిటికీ ఒకే పక్కకు నీడ కూడా పడుతోంది. అమ్మను పిలిచి చూపించాను. అమ్మ అద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నయి," అంది. "గని గీ కంప్యూటర్ల పొద్దు జరగదా?"