వేరేవాళ్ళంటే ఎవరన్నా?

నాన్న గోదావరి వైపు నుంచి నాచారంలో ఫ్యాక్టరీ పనికి వచ్చాడు. నేనూ చెల్లీ ఇక్కడే పుట్టాం. ఇంట్లో అమ్మ మాట, గడప దాటితే పక్కింటి పెద్దమ్మ మాట. పెద్దమ్మవాళ్ళది జనగామ. చెల్లికి సగం మాటలు ఆమె ఒళ్ళోనే వచ్చాయి.

నిరుడు చెల్లి వంటల వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. పెద్దమ్మ నేర్పిన సర్వపిండి చేస్తూ, "జర నువ్వులు ఎక్కువేస్తే మస్తుంటది" అంది. వెనకనుంచి అమ్మ "ఉప్పేశావుటే?" అని అడగడం కూడా రికార్డయింది. కామెంట్లలో ఆ ఒక్క మాటే పట్టుకున్నారు. "ఆంధ్రోళ్ళు మా యాసతోని వేషాలేస్తున్రు" అని కొందరు. "సొంత భాష వదిలేసి అక్కడివాళ్ళలా నటిస్తోంది" అని ఆంధ్రా వైపువాళ్ళు. చెల్లి అన్నీ చదివింది. ఆ తర్వాత ఉప్పల్‌లో ఆటో ఎక్కినా, కూరగాయలు బేరమాడినా, ఏ యాసలో నోరు తెరవాలో తెలియక హిందీలో మాట్లాడేది.

అంతకన్నా నొప్పించింది ఇంకొకటి. పెద్దమ్మ కొడుకు, మాతోపాటే పెరిగిన అన్న, ఇప్పుడు బోడుప్పల్‌లో ఉంటాడు. "బయటోళ్ళు వాపస్ పోవాలె" అనే వీడియోను షేర్ చేశాడు.

ఆ ఆదివారం వాళ్ళమ్మను చూడ్డానికి వచ్చి, అలవాటుగా మా ఇంట్లోకీ వచ్చాడు. చెల్లి ఫోన్ తీసి చూపించింది.

"గది నీ గురించి కాదే చెల్లె. వేరేటోళ్ళ గురించి."

"వేరేవాళ్ళంటే ఎవరన్నా?"

అన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. మొదటి ఉద్యోగంలో అతను నోరు తెరిస్తే ఆఫీసంతా నవ్వేదట. "గీ వీడియోలల్లనే మా మాట ఇజ్జత్‌గ ఇన్న. గందుకే ఏదొస్తే అది షేర్ జేసిన."

ఆ రోజుల్లో అతను ముభావంగా ఉంటే పని ఎక్కువేమో అనుకున్నాం. నవ్వినవాళ్ళది మా ఇంటి యాసే. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక చెల్లి ఏడ్చేసింది.

"నిన్ను చూసి నవ్వారా? నాతో ఒక్కసారైనా చెప్పలేదేంరా?" అంది అమ్మ.

అన్న ఆ వీడియో అక్కడే తీసేశాడు. "గీ వీడియోలొచ్చే గ్రూపులల్ల మాత్రం ఉంట" అన్నాడు. వద్దని మేమెవరమూ అనలేదు.

చెల్లి వీడియోలు ఆపలేదు, తిట్లూ ఆగలేదు. పోయినవారం అమ్మా పెద్దమ్మా కలిసి పచ్చడి నూరారు. అదే ఆకును ఒకరు గోంగూర అంటే, ఒకరు పుంటికూర అన్నారు. చెల్లి ఆ వాదన కత్తిరించకుండా వీడియోలో అలాగే పెట్టింది.