రోడ్డు పక్కన కర్ర

మాస్టారు పోయారని ఆయన భార్య, ఆంటీ, ఫోన్ చేసినప్పుడు నేను ఉద్యోగం చేసే ఊరు నోవైలో, ఆఫీస్‌కి బయల్దేరుతూ కారు అద్దం మీది మంచు గీకుతున్నాను. ఆ పని అలాగే వదిలేసి కొలరాడో విమానం ఎక్కాను.

అక్కడి యూనివర్సిటీలో ఆయన నాకు పాఠం చెప్పింది తక్కువ, కొండ ఎక్కించింది ఎక్కువ. పైన చెట్ల మధ్య ఖాళీలో ఒక కర్ర పాతి, దానికి ఆంటీ పాత ఎర్రచీర పీలిక కట్టారు. ఆ కర్ర పక్కనే ఒక బోలు గొట్టాన్ని మంచులో నేల తగిలేదాకా దించి, పైకి తీసి తూచేవాళ్లం. బరువును బట్టి ఆ మంచులో ఎంత నీరుందో తెలిసేది. ఆయన అంకె అరిచేవారు, నేను తిరిగి అరవాలి. రెండుసార్లు పలకని అంకె ఆయన దృష్టిలో అంకే కాదు. పనయ్యాక ఫ్లాస్క్‌లోంచి మిరియాల చారు పోసిచ్చేవారు.

"కొలిచే మనిషి మారొచ్చురా, కొలిచే చోటు మారకూడదు" అనేవారు. ఒకసారి గాలికి తట్టుకోలేక, "మాస్టారూ, ఆ చెట్టు చాటుకి జరుగుదామా?" అన్నాను. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నేను ఉద్యోగానికి వచ్చేశాక అదంతా ఫోన్‌లో సాగింది. ఆయన అంకె చెప్పేవారు, నేను తిరిగి చెప్పేవాణ్ని. వేసవిలో ఆ మంచు కరిగి ఏట్లోకి ఎంత నీరొస్తుందో లెక్కకట్టి కింద లోయలోని రైతులకి పంపేవాణ్ని. మంచు ఏటేటా బాగా తగ్గిపోతోందని చెప్పాను. నా మాట నమ్మి ఒకాయన సగం పశువుల్ని అమ్మేశాడు.

కార్యక్రమాలన్నీ అయ్యాక, "పైకెళ్లి కర్ర చూసొస్తానాంటీ" అన్నాను.

"పైకెందుకు నాన్నా? రోడ్డు పక్కనే ఇంకోటి పాతుకున్నారుగా. మోకాళ్లు పాడైనప్పట్నుంచీ అక్కడే మెజర్ చేస్తున్నారు. నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. కింద ఎండ ఎక్కువ, మంచు తక్కువ. తగ్గిన దాంట్లో వాతావరణం వాటా ఎంతో, ఆయన మోకాళ్ల వాటా ఎంతో ఇక ఎవరూ విడదీయలేరు. నన్ను మోసం చేశారు. ఆ అబద్ధాన్ని నా నోటితోనే తిరిగి పలికించారు. "కొండకి మనమంటే మొహమాటం లేదురా, మనకీ ఉండకూడదు" అనే మనిషికి నా దగ్గర ఏం మొహమాటం? ఒక్క మాట చెబితే నేనే వచ్చి ఎక్కేవాణ్ని కదా. నాకు తెలిసిందంతా నేర్పిన మనిషి మీద ఇంత కోపం ఎలా పెట్టుకోవాలో తెలియడం లేదు.

అయినా ఎక్కాను. పాత కర్ర అక్కడే ఉంది, పీకలేదు. పీలిక వెలిసిపోయింది. గొట్టం దించి, తూచి, అంకె అరిచాను. అలవాటు కొద్దీ ఆగాను.

రెండోసారి కూడా నేనే అరిచాను, కింద రోడ్డు వైపు తిరిగి.