గుండ్రటి సీసం

వెర్నన్ ఆస్‌క్రాఫ్ట్ ఇంట్లో గంజాయి గింజలు ఉడుకుతున్నాయంటే వీధి చివరిదాకా తెలిసిపోతుంది. వాటిలో మత్తూ లేదు, మాయా లేదు, కాస్త నూనె వాసన తప్ప. నల్లటి పొట్టు పగిలి తెల్లటి మొలక తొంగిచూసేదాకా గిన్నె దింపనివ్వడు. ట్రెంట్ నదిలోని రోచ్ చేపలకి ఆ గింజలంటే ప్రాణం. నాటింగ్‌హామ్ లేసు మిల్లులో దారాలు ముడేసిన వేళ్లు వెర్నన్‌వి. నీటిమీద తేలే బెండు మునిగీ మునగకముందే గాలపుకర్ర లేపేవాడు. ఆ ఒడ్డున కుర్రకారుకి గింజలతో చేపలు పట్టడం నేర్పింది అతనే.

పోయిన చలికాలం కుడిచేతికి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, చెయ్యి కూడా చాలావరకు తిరిగొచ్చింది, వేళ్లకి పట్టు మాత్రం చాలలేదు. సెప్టెంబరులో మళ్లీ ఏటికి బయల్దేరినప్పుడు గాలపుదారానికి సీసపు బరువులు నొక్కే పని భార్య మార్జరీ చేసిపెట్టింది.

"ఇవాళ ఒక్క చేపైనా పడకపోతే కర్ర సిరిల్‌కి ఇచ్చేస్తాను. ఇక ఆ ఊసే ఎత్తను," అన్నాడు వెర్నన్. అన్నాక భయమేసింది. కర్ర పోతే మిగిలేది కిటికీ పక్క కుర్చీయే.

గుప్పెడు గింజలు విసరగానే చేపలు మూగాయి. బెండు మునిగింది. లేపాడు. ఖాళీ. మళ్లీ మునిగింది, మళ్లీ ఖాళీ. గాలానికి గుచ్చిన గింజ ప్రతిసారీ చెక్కుచెదరకుండా తిరిగొస్తోంది. పొద్దంతా ఇదే తంతు.

పక్కనే గాలమేసి కూర్చున్న పాత నేస్తం సిరిల్ ఊరుకుంటాడా?

"ఏంట్రా, చేపలకి సలాములు కొడుతున్నావా? నువ్వు కర్ర లేపేలోగా అవి తిని, పడుకుని, లేస్తున్నాయి."

"నోరు ముయ్యరా."

"దిగులుపడకు. నీ కర్ర తగిలించడానికి మా గోడకి మేకు కూడా కొట్టేశాను."

ఎద్దు పుండు కాకికి ముద్దు.

మధ్యాహ్నం మార్జరీ టీ, జున్ను పెట్టిన రొట్టెలు తెచ్చింది.

"ఈ కర్ర సిరిల్‌కి ఇచ్చెయ్, మార్జ్. నా చెయ్యి చచ్చిపోయింది," అన్నాడు. కళ్లు నిండాయి. దారం చుట్టబోతూ అప్పుడు చూశాడు. పొద్దుట్నించీ చేతి మీది దిగులుతో దారం వంక చూడనేలేదు. బెండు కింద వరసగా నల్లటి సీసపు గుండ్లు, ఒక్కొక్కటీ గింజంత.

"ఇదివరకు ఇక్కడ బరువుకి సన్నటి సీసపుతీగ చుట్టి ఉండాలే?"

"ఆ వంకర ముక్కా? అసహ్యంగా ఉందని పీకేశా. ఇప్పుడు ముత్యాలదండలా లేదూ?"

"గింజలనుకుని చేపలు నీ ముత్యాలు కొరుకుతున్నాయే!"

గింజలతో చేపలు పట్టేటప్పుడు గుండ్రటి సీసం వాడకూడదని కుర్రకారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరినవాడు, ఇంట్లో ఆవిడకి మాత్రం చెప్పలేదు. వెర్నన్ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చేశాడు.

"అయితే నా చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదే, మార్జ్! ఒక్కసారి కూడా!"

ఆవిడ గుండ్లన్నీ ఊడదీసి, అతను చెప్పినట్టే డబ్బాలోని తీగముక్క చుట్టింది. బెండు మునిగింది. వెర్నన్ లేపాడు. కర్ర వంగింది, ఎర్రరెక్కల రోచ్ చేప నీళ్లు చిమ్ముతూ పైకొచ్చింది. అమ్మయ్య, అనుకుంది ఆ చెయ్యి కూడా.

"సిరిల్, మేకు గట్టిగానే కొట్టావా?"

"కొట్టానురా," అన్నాడు సిరిల్ చిన్నగా.

"అయితే దానికి నీ టోపీ తగిలించుకో."