యాదయ్య పాస్‌పోర్టుకు నేనే సాక్షిని

కల్వకుర్తి బస్టాండు ఎదురుగా అమ్మే చాయ్ కప్పు ఏటేటా చిన్నదవుతోంది. ఇప్పుడది రెండు గుటకలు. ఏడేళ్ల కిందట కప్పు పెద్దదే. ఒక మనిషి బతుకు చెడగొట్టి, మిగిలిన చాయ్ కూడా తాగేంత సమయం ఉండేది.

ఈ ఏడేళ్లూ మోసింది ఆ చాయ్ బరువే. మీకే మొదటిసారి చెబుతున్నాను.

యాదయ్యది మా పక్కిల్లు. ఇంటర్ తప్పాడు. నేను ఎమ్మే. అతని మొదటి పాస్‌పోర్టు దరఖాస్తు నింపింది నేనే. నా పాస్‌పోర్టు మాత్రం బీరువా దాటకుండానే గడువు తీరింది. అతను దోహా రేవులో క్రేన్ నడిపేవాడు. సెలవుకు వస్తే వీధంతా అతని గుమ్మంలోనే. అంత ఎత్తున ఎట్లా కూర్చుంటాడోనని నా భార్య కూడా ఆశ్చర్యపోయేది. నేను కుర్చీలో కూర్చునేవాణ్ని. ఒకసారి అందరికీ అత్తరు తెచ్చి, చదువుకున్నవాణ్నని నాకు పెన్ను తెచ్చాడు. ఆ గౌరవమే ఎక్కువ మండింది. ఎందుకు మండాలి?

పాస్‌పోర్టు రెన్యూవల్‌కు సాక్షిగా నా పేరే ఇచ్చాడు. కొత్తగా బదిలీ అయి వచ్చిన కానిస్టేబుల్ ఆ చాయ్ దుకాణంలోనే అడిగాడు.

"ఈయన మీద ఏమన్న అనుమానమున్నదా సార్?"

"ఆడ దోహాల తుపాకులోల్ల ముఠాకు చందాలిస్తడని విన్న."

మా ఊరివాళ్లయితే నవ్వేవాళ్లు. ఆయన నవ్వలేదు. నా జేబులోని పెన్ను అడిగి తీసుకుని రాసుకున్నాడు. పరాచికమాడానన్న ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా మాటను ఒకరు నిజమనుకోవడం అదే మొదలు, ఆ రుచి వదులుకోలేకపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. యాదయ్య ఇక కిందికి దిగుతాడని సంతోషించాను. చాయ్ తాగాను.

అతను నెలల తరబడి ఠాణా చుట్టూ తిరిగాడు. విదేశంలోని ఉగ్రవాద ముఠాకు సాయం చేస్తున్నాడన్న అనుమానంతో పాస్‌పోర్టు రద్దయింది. క్రేన్ ఇంకొకరు ఎక్కారు. అప్పీలు రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చాడు. మంచి ఇంగ్లీషులో రాశాను. తిరస్కరించారు. ఇప్పుడు మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడు. ఎదురైతే ఇంకా నమస్తే పెడతాడు.

క్షమించమని అడగను. అడిగే మొహం కాదిది. చెప్పాను, కొంచెం ఊపిరాడుతోంది, అంతే.

పోయిన వారం అతని బిడ్డ, నర్సు ఉద్యోగానికి పోతానని, పాస్‌పోర్టుకు పెట్టుకుందట. సాక్షిగా నేనుంటానని వాళ్లింటికి వెళ్లాను. యాదయ్య భార్య బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు.

"నువ్వు వద్దు, అన్నా. మమ్ముల ఎరుగనోల్లే నయం."