ఆదికి బాపు లాగు

నా జన్మకు ఒకే ఒక్క వస్తువు కనిపెట్టాను. ఆడవాళ్లు సైకిల్ తొక్కడానికి పనికొచ్చే వదులు లాగు. దాన్ని కనిపెట్టింది నేనేనన్న పొగరు సరిగ్గా ఐదు నెలలు నిలిచింది. తర్వాత ఒక పొద్దున కాలువ గట్టు మీంచి చెరుకు మోళ్లలో పడింది. పొగరూ, లాగూ, నేనూ ముగ్గురం కలిసే పడ్డాం.

తొంభైలు మొదలైన రోజులవి. మా ఊరు బోధన్‌కు ఏడెనిమిది కిలోమీటర్లు, నిజాంసాగర్ పిల్లకాలువ పక్కన. బాపు చెరుకు బండి తోలేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. పదో తరగతి కాగానే నా ఒళ్లోనూ ఒక చాట పెట్టారు. రెండేళ్లు చుట్టాను. నా బీడీల్లో ఒకటి బొటనవేలంత ఉండేది, ఇంకొకటి అగ్గిపుల్లంత. వాటిని చూసినప్పుడల్లా కార్ఖానా మనిషి తల పట్టుకునేవాడు. నిజం చెప్పాలంటే నాకు చేతకాకపోవడం కాదు, కూర్చోవడమంటేనే చచ్చేంత విసుగు. కాళ్లు తిమ్మిరెక్కేవి, ఏడుపొచ్చేది.

అందుకే పక్క ఊరి పోస్టాఫీసులో టపా సంచి మోయడానికి మనిషి కావాలని తెలియగానే ఎగిరి గంతేశాను. పది పాసై ఉండాలి, పద్దెనిమిది నిండాలి, సైకిల్ రావాలి. బాపు సైకిల్ మీద చిన్నప్పుడే దొంగతనంగా నేర్చుకున్నాను కాబట్టి మూడూ ఉన్నాయి. ఆరు నెలలు తాత్కాలికం. ఆ లోపల ఇన్‌స్పెక్టర్ సారు వచ్చి, నేను సైకిల్ తొక్కడం కళ్లారా చూసి, కాగితం మీద రాస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే మళ్లీ చాటే.

అమ్మ ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది.

“పో. కని ఒక్క ముచ్చట ఇను. నిన్ను సూసి ఎవలన్న నవ్విన్రని నా చెవుల వడ్డదా, గా రోజే సంచి ఆడ వారేసి ఇంట్ల కూసుంటవ్. మల్ల ఏడిస్తె ఇన.”

“ఎవలు నవ్వుతరే అమ్మా!” అన్నాను. ఎంత ధైర్యమో.

సైకిల్ బాపుదే. నడుమ అడ్డంగా కడ్డీ ఉన్న మగవాళ్ల సైకిల్. దాని చైన్‌కవరు నేను పుట్టకముందే ఎటో పోయింది. చైన్‌కవరు వేయిస్తే సగం గొడవ తీరేది కదా అని మీరంటారు. ఆ తెలివి నాకు ఉద్యోగం నిలిచిన రెండేళ్లకు వచ్చింది.

డ్యూటీకి చీరే కట్టాలని అమ్మ పట్టుబట్టింది. జూన్‌లో చేరాను, మొదటి వారంలోనే చీర అంచును చైను నమిలేసింది. నేను కాలువలో పడ్డాను, సంచి నా కంటే ముందు పడింది. ఉత్తరాలన్నీ గట్టు మీద వరసగా పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి, వాటి పక్కన నేనూ ఆరాను. “గిట్ల తడిసినయేందమ్మా?” అని ఒకాయన అడిగితే “వాన వడ్డది కాకా” అన్నాను. ఆయన ఆకాశం వంక చూశాడు. ఎండ మాడు పగలగొడుతోంది.

తర్వాత నిజామాబాద్‌లో ఉండే మేనత్త కూతురు వదిలేసిన పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. అమ్మ మూతి తిప్పింది, అయినా ఊరుకుంది. రెండు రోజుల్లో దాని ప్యాంటు అంచు మీద చైను పళ్లు గ్రీసుతో సహా అచ్చు పడ్డాయి, చున్నీ వెనక చక్రంలో చుట్టుకుని నా మెడను కూడా రమ్మంది. దెబ్బకు మళ్లీ చీరకే వచ్చాను. లోపల తమ్ముడి బడి లాగు తొడుక్కుని, ఊరు దాటాక చీర పైకి దోపుకుని తొక్కాను. ఇది బాగుంది అనుకున్నాను ఒక గంటసేపు. ఆ లాగుకు సరిగ్గా కూర్చునే చోట దబ్బనంలాంటి కుట్టు ఉంది. తొడల దగ్గర ఎంత బిగుతంటే, మోకాలు లేపితే నడుం కూడా వెంట వచ్చేది. రెండు రోజులు నిలబడే అన్నం తిన్నాను.

“కూసోని తినరాదు?” అంది అమ్మ.

“డ్యూటీల నిలవడి నిలవడి అలవాటైంది” అన్నాను. పోస్టాఫీసు మొత్తం మీద నిలబడే పని ఒక్కటీ లేదు.

అప్పుడు దండెం మీద బాపు లాగు కనబడింది. ఖాకీది, మోకాళ్ల కింది దాకా వచ్చేది, ఒక్కో కాలులో నా రెండు కాళ్లూ పట్టేంత వదులుది. బండి మీద పొద్దంతా కూర్చునే మనిషి కదా, కూర్చునే సంగతి ఆయన లాగుకు బాగా తెలుసు. నాకది లాగులా కాదు, దేవుడు దిగొచ్చినట్టు కనిపించింది. మడిచి టపా సంచిలో పెట్టుకుని బోధన్ పోయాను.

టైలర్ ఎవరైనా ముందు అడిగేది ఆదే కదా, కొలతకు ఒక పాత బట్ట. జాకెట్టుకైతే పాత జాకెట్టు ఇస్తాం. ఆడపిల్ల లాగుకు ఆది ఏ ఇంట్లో దొరుకుతుంది? అందుకే బాపుది తీసి బల్ల మీద పెట్టాను. మాస్టర్ ముసలాయన, ముక్కు చివర కళ్లద్దాలు.

“ఎవలికి బేటీ?”

“తమ్మునికి.”

ఆయన లాగును రెండు చేతులతో చాపి చూశాడు. “తమ్ముడు పహిల్వానా?”

“కొద్దిగ దొడ్డుగుంటడు. నడుం మాత్రం సన్నమే, నా అంత. నడుం కాడ తగ్గించున్రి. తొడలకు గింతే వదులు ఉండాలె. కూసునే కాడ కుట్టు రావద్దు. ఆడ బట్ట రెండు పొరలు ఏయిన్రి. మోకాలు లేపితే గుంజద్దు. బొందు ముడి పక్కకు రావాలె, నడుమ వస్తే వంగినప్పుడు పొడుస్తది.”

మాస్టర్ కళ్లద్దాలు తీసేశాడు. “ఇన్నేండ్ల సంది కుడుతున్న, లాగుకు ఇన్ని షరతులు ఎవ్వలు వెట్టలే. నీ తమ్ముడు గుర్రమెక్కుతడా?”

“సైకిలే.”

“అచ్ఛా. అయితే నడుమ కుట్టు బదులు ఒక వెడల్పు ముక్క ఏస్త. కూసుంటే తెల్వది.”

భలే బుట్టలో వేశాననుకున్నాను. పది రోజులకు పోతే కొత్త లాగు, బాపు లాగు రెండూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు.

“బేటీ, నీ తమ్మునికి జెప్పు, చీర కుచ్చిళ్లు ఎడమ దిక్కు దోపుకొమ్మని. చైను కుడి దిక్కు ఉంటది గద.”

సైకిల్ స్టాండు తీయకుండానే ఎక్కి తొక్కాను. చక్రం గాల్లో ఎంతసేపు తిరిగిందో నాకే తెలుసు.

ఆ పది రోజులూ బాపు ఇల్లంతా వెతికాడు. చివరికి పక్కింటి కుక్క ఎత్తుకుపోయిందని తేల్చి, దాన్ని కట్టెతో కొట్టి తరిమాడు. లాగు మళ్లీ దండెం మీదికి వచ్చాక కుక్కకు సిగ్గొచ్చి తెచ్చి పెట్టిందేమో అన్నాడు.

కొత్త లాగు తొడుక్కున్న రోజు గురించి ఏం చెప్పను! అప్పటికి చెరుకు మనిషి ఎత్తు దాటింది. ఊరు దాటగానే గట్టుకు రెండు వైపులా పచ్చని గోడ. చీర నడుముకు దోపుకుని, ట్రాక్టర్లు తొక్కిన గాడుల మీద, పొలాలకు నీళ్లు పోయే చిన్న కాలువల మీద ఎగిరెగిరి తొక్కేదాన్ని. గుంతల్లో దబదబ పడినా కింద నొప్పి తెలిసేది కాదు. గొంతెత్తి పాటలు పాడేదాన్ని, ఎవరున్నారు వినడానికి? అంత సంతోషం నాకు అంతకుముందు ఎప్పుడూ తెలియదు. ఊరు దగ్గర పడగానే దిగి, చీర దించి, కొంగు కప్పుకుని, సైకిల్‌ను నడిపించుకుంటూ పోయేదాన్ని. “గీ పిల్ల ఎంత మర్యాదస్తురాలు, ఊర్లె సైకిల్ ఎక్కది సూడు” అనుకునేవారు అరుగుల మీది పెద్దమనుషులు. నేను ఇంకాస్త తల వంచేదాన్ని.

లాగును ఆరేయడమే పెద్ద తిప్పలు. బయట వేస్తే అమ్మ చూస్తుంది. అందుకని చీకటి గదిలో తాడు మీద అమ్మ లంగా కింద దాచి ఆరేసేదాన్ని. వానాకాలం, అది ఏనాడైనా ఆరిందా? రోజూ పొద్దున ఆ చల్లటి పచ్చి బట్ట తొడుక్కుని, తొడలు గోక్కుంటూ ప్రభుత్వ విధులు నిర్వర్తించాను.

డిసెంబరులో ఇన్‌స్పెక్టర్ సారు వస్తున్నారని కబురొచ్చింది. నేను టపా పట్టుకెళ్లే ఊళ్లలో రెండోదాని తూము దగ్గర నిలబడతారట, నేను సంచితో సైకిల్ మీద అక్కడికి రావాలట. నా లెక్క ఎప్పటిలాంటిదే. తూముకు ముందు ఒక మలుపుంది. మలుపు దాకా లాగులో తొక్కి, అక్కడ చెరుకు చాటున దిగి చీర దించి, ఆ మిగిలిన కాస్త దూరం మెల్లగా పతివ్రతలా తొక్కుకుంటూ పోవాలి.

ముందు రోజు అన్నం తింటూ బాపు అన్నాడు, “రేపు తూము కాడి చెరుకు కొడుతున్రు. మరాఠోల్లు వచ్చిన్రు.” నేను “ఊఁ” అన్నాను. నా ధ్యాసంతా ఇన్‌స్పెక్టర్ మీదుంది. చెరుకు బండి తోలేవాడి బిడ్డను, చెరుకును కొడతారని తెలియదా అంటే తెలుసు. కానీ అది నాకు చెరుకు కాదు, నా గోడ. గోడను కొడతారని ఎట్లా తడుతుంది?

పొద్దున మంచి జోరు మీద, పాట మధ్యలో మలుపు తిరిగాను. ఒక్కసారిగా వెలుగు కళ్లలో కొట్టింది. గోడ లేదు. తూము దాకా నున్నగా కొట్టేసిన నేల. అందులో కొడవళ్లు పట్టుకుని ఇరవై మంది మరాఠీ ఆడా మగా, బాపు బండి, బండి దగ్గర బాపు. తూము మీద పోస్టుమాస్టరు, ఆయన పక్కన ఇన్‌స్పెక్టర్ సారు. అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. నా చీర నడుముకు ఉంది, మోకాళ్ల దాకా ఖాకీ లాగు, నోట్లో పాట.

బుద్ధి ఉన్నదైతే దిగేది. నేను ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడి చేత్తో చీర పీకి దించడం మొదలుపెట్టాను, తొక్కుతూనే. అది కూడా కుడి వైపుకే దించాను. మాస్టర్ చెప్పిన మాట గుర్తొచ్చేసరికి చైను కుచ్చిళ్లు మింగడం మొదలుపెట్టింది. గట్టు మీంచి కాలువ వైపు కాక చెరుకు మోళ్ల వైపు పడ్డాను. ఈసారి మాత్రం సంచిని రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాను. మనిషి పడింది, సంచి పడలేదు.

అందరూ నవ్వారు. మరాఠీవాళ్లు నవ్వారు, పోస్టుమాస్టరు నవ్వాడు, బాపు ఎద్దు మెడ పట్టుకుని కిందామీదా పడి నవ్వాడు. నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. నౌకరీ పోయింది, ఇక చాటే అనుకుని, సంచి నెత్తి మీద పెట్టుకునే బోరుమని ఏడ్చాను.

“కాయ్ ఝాలం గ బాయీ?” అంటూ ఒకామె కొడవలి కింద పెట్టి వచ్చింది. ఏమైందమ్మా అని అడుగుతూనే చైనులోంచి చీర చింపి లాగింది. నన్ను లేపి నిలబెట్టి, అడగకుండానే నా చీరను కాళ్ల మధ్య నుంచి తీసి వెనక గట్టిగా దోపింది. ఆమెదీ అదే కట్టు. పొద్దంతా వంగి, దూకి, మోపులు మోసే కట్టు. మా అవ్వ బతికున్నన్నాళ్లూ నాట్లకు గోచీ పెట్టే కట్టేది. నేను కనిపెట్టానని విర్రవీగిన సంగతి మా ఇంట్లోనే అరవై ఏళ్లు తిరిగి పోయిందన్నమాట.

“ఆతా జా” అని వీపు మీద ఒక్కటి చరిచింది. ఇక పొమ్మని.

ఇన్‌స్పెక్టర్ సారు నన్ను చూడలేదు, సంచిని చూశాడు. “టపా పాడైందా?”

“లేదు సార్.”

“మలుపు దాకా పోయి రా.”

పోయి వచ్చాను. ఒక్క అంచు కూడా చైను వంక చూడలేదు. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. “సైకిల్ వచ్చు అని రాస్తున్న. పడుడు గురించి రాసేటందుకు గీ కాయిదంల జాగ లేదమ్మా.”

బాపు దగ్గరికొచ్చి నన్ను కింది నుంచి పైకి చూశాడు. “నీ లాగు నా లాగు లెక్కనే ఉన్నదేందే?”

“నీదే ఆదికిచ్చిన బాపు.”

“ఓర్నీ! ఆ కుక్కను ఉత్తగనే కొట్టిన గదనే!”

కాగితం మీద రాశారు సరే, అమ్మ షరతు మాటేమిటి? సాయంత్రం ఇల్లు చేరేసరికి నాకంటే ముందే కబురు చేరింది. గడపలో పక్కింటావిడ లేచి వెళ్లిపోతూ నా కాళ్ల వంక చూసింది. అమ్మ తలెత్తకుండా బీడీలు చుడుతోంది. నేను కాళ్లు కడుక్కుని, చీర మార్చుకుని, బురద లాగును బకెట్‌లో పడేసి, ఆమె అడగకముందే నా పాత చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. మాటంటే మాటే కదా.

“నవ్విన్రా?” అంది.

“నవ్విన్రు.”

“ఎందరు?”

“అందరు. బాపు గుడ.”

“సారు రాసిండా?”

“రాసిండు.”

అమ్మ లేచింది. నా ఒళ్లోంచి చాట లాక్కుని అటక మీద పెట్టింది. బకెట్ దగ్గరికి పోయి లాగును సబ్బుతో రుద్ది, జాడించి, గట్టిగా పిండింది. గదిలోకి పోతుందనుకున్నాను. పోలేదు. వాకిట్లోకి, వీధికి ఎదురుగా ఉన్న దండెం దగ్గరికి పోయింది. బాపు ధోవతి పక్కకు జరిపి, లాగును రెండు కాళ్లూ చాపి నడుమ ఆరేసింది.

“అమ్మా! బజాట్లోల్లకు కనవడ్తది.”

“కనవడనియ్. ఐదు నెలల సంది నా లంగ కింద దాసి, పచ్చి లాగు ఏస్కొని పోతున్నవ్. కుక్క లెక్క గోక్కుంటున్నవ్. నాకు కండ్లు లేవనుకున్నవానే?”

అమ్మ బొందు బయటికి లాగి, ముడి విప్పి, గాలి తగిలేలా వేలాడదీసింది.

“పొద్దుగాలకు ఆరాలె గద” అంది. “రేపు డ్యూటీ లేదా?”