స్టాంపు వెనక జిగురు

గుమ్మలక్ష్మీపురం దైవాధీనం మాస్టారు బైబిలు స్టాంపులు సేకరిస్తారు. యేసు మాట్లాడిన అరామిక్ భాష అక్షరాలున్నవంటే ఆయనకు మరీ ప్రాణం. స్టాంపు అంటుకుని ఉన్న కవరు ముక్కను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, జిగురంతా పోయేదాకా బొటనవేలితో మెత్తగా రుద్దుతారు. జిగురు మిగిలితే పురుగు పడుతుందని భయం. ఈ ఉదయం మగ్దలేనమ్మ దాచమని ఇచ్చిన అరామిక్ స్టాంపును అలాగే కడిగి, ఆ నీళ్లు వాకిట్లో కాఫీ మొక్కకు పోశారు. ఇజ్రాయెల్‌కు పనికి వెళ్లి అక్కడే పోయిన ఆమె భర్త పంపిన కవరు మీదిది ఆ స్టాంపు. మధ్యాహ్నం ఆమె వచ్చి, ఆరిన స్టాంపును తిరగేసి వేలితో తడిమింది.

“ఎనకాల జిగురేది మాస్టారూ?”

“శుభ్రంగా కడిగేశానమ్మా.”

“మా ఆయన నాలికతో తడిపి అంటించినాడు. మీ కాడైతే బద్రంగా ఉంటాదని ఇచ్చినాను,” అంది మెల్లగా.

మాస్టారు బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నారు. కాఫీ మొక్క మొదట్లో నేల ఇంకా తడిగానే ఉంది.