ఒకవేళ కలిపా

కలిపాకి భయం. ఏదంటే భయం అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఏదంటే భయం లేదు అని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించి, "అంబలి" అనేవాడు. మరుక్షణమే నాలిక కరుచుకుని, "ఒకవేళ వేడిగా ఉంటే?" అనేవాడు.

వాళ్ళ నాన్న ముచ్చటపడి ధైర్యం అనే అర్థం వచ్చేలా కలిపా అని పేరు పెట్టాడు. ఆఫ్రికా దక్షిణ కొసలో నల్లవాళ్ళుండే లుఖాన్యో పేటలో ఆ పేరెవరూ వాడేవారు కాదు. ఆయన ప్రతి మాటా 'ఒకవేళ'తో మొదలయ్యేది కాబట్టి అందరికీ ఆయన 'ఒకవేళ'. ఉత్తరాల మీద కూడా అదే రాసేవారు. పోస్టుమాన్ తిన్నగా తెచ్చి ఇచ్చేవాడు.

పని చెప్పులు కుట్టడం. ముఖ్యంగా ఆటగాళ్ళ బూట్లు. చలికాలం రగ్బీ బూట్లు, ఎండలు ముదిరితే ఫుట్‌బాల్ బూట్లు. గేటు లోపల, రేకు పంచ కింద స్టూలు వేసుకుని, నెత్తి మీద పాత గని టోపీ పెట్టుకుని కుట్టేవాడు. ఎదురింటి దుకాణదారు సోలోమ్జీకి రోజూ అదే కాలక్షేపం.

"ఏం బావా, కూర్చుని కుట్టుకునే వాడికి ఆ ఇనుప టోపీ ఎందుకు?"

"ఒకవేళ వీధిలోంచి బంతి వస్తే?"

"పొద్దున్నుంచీ వీధిలో కుక్క కూడా రాలేదు కదయ్యా!"

"అదే నా భయం. ఎందుకు రాలేదంటావ్?"

ఆయనకన్నా ఆరేళ్ళు చిన్నదైన చెల్లెలు నొసాఫో లోపల కుట్టుమిషను మీద బడిపిల్లల బట్టలు కుట్టేది. ఎవరైనా వచ్చి, "నొసాఫో, పెళ్ళికి రావూ?" అంటే ఆమె నోరు తెరిచే లోపలే పంచలోంచి కేక వినిపించేది: "నన్నొక్కణ్ణీ వదిలి పోతావుటే! ఒకవేళ నాకు గుండె ఆగిపోతే?" నొసాఫో నిట్టూర్చి, "చూశారుగా, ఈ పిరికివాణ్ణి వదిలి నేనెలా వచ్చేది?" అనేది. వచ్చినవాళ్ళు ఆమె మీద జాలిపడి, ఆయన్ని నాలుగు తిట్టి వెళ్ళిపోయేవారు. ఇలా తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో నొసాఫో గేటు దాటలేదు.

నొసాఫో కూతురు నొమోండె ఈ మామ పంచలో కూర్చుని ఉండగానే పెరిగింది. అంతకుముందు ఆయన ఎక్కడో బంగారు గనుల్లో ఉండేవాడు, రెండేళ్ళకోసారి దుప్పటో మిఠాయో పట్టుకుని వచ్చేవాడు. ఎనభై ఆరులో, పేట మైదానంలో ఫుట్‌బాల్ జరుగుతుండగా పోలీసుల ఇనుప బండ్లు కంచె తొక్కుకుంటూ వచ్చాయి. పొగ, తుపాకులు, అరుపులు. నొమోండె నాన్న గోల్‌కీపరు. గోలు దగ్గర పడిపోయినవాడు మళ్ళీ లేవలేదు. నొసాఫో అక్కడే, కంచె పక్కనే ఉంది. చావుకని వచ్చిన కలిపా మళ్ళీ గనులకి పోలేదు. "నాకు భయమేస్తోంది, ఇక్కడే ఉండిపోతా" అన్నాడు. ఆ భయం అలాగే ముదిరిందని పేట అంతా అనుకుంది.

తొంభై నాలుగు ఏప్రిల్‌లో పేట మొత్తం తెల్లవారుజామునే, బతుకులో మొదటి ఓటు వేయడానికి వరస కట్టింది. కర్రల మీద ముసలమ్మలు వెళ్ళారు. చక్రాల బండిలో చెక్కకాలి వాడు వెళ్ళాడు. ఈ ఇంటి నుంచి మాత్రం ఇద్దరూ కదల్లేదు. కలిపా మంచం కింద దూరి, "ఒకవేళ బాంబు పెడితే?" అని ఏడుస్తూ చెల్లెలి చీలమండ పట్టుకుని వదల్లేదని సోలోమ్జీ కళ్ళారా చూసి అందరికీ చెప్పాడు. తరవాత నెల రోజులు ఎవరూ ఆయనకి బూట్లు ఇవ్వలేదు. "దీని కోసం మనుషులు చచ్చిపోయారు. నువ్వు మంచం కింద దూరావు" అని ఒక పెద్దాయన మొహం మీదే అన్నాడు. కలిపా తల వంచుకుని, టోపీ సర్దుకున్నాడు.

నర్సు చదువు ముగించుకుని మరుసటి ఏడాది జనవరిలో నొమోండె పేట ఆసుపత్రిలో చేరింది. ఈ సంగతి విని ఒళ్ళు మండిపోయింది.

"మామా, నీ పిరికితనం నువ్వు మోసుకో. మా అమ్మ మెడకెందుకు కడతావు? ఆమెకి నలభై నాలుగేళ్ళు. నీ వల్ల బతికుండగానే సమాధి అయిపోయింది."

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "నిజమేనమ్మా" అన్నాడు. 'ఒకవేళ' అనలేదు. అది నొమోండె గమనించలేదు. కోపంలో ఉంది.

ఆ జూన్‌లో ప్రపంచ రగ్బీ పోటీలు మన దేశంలోనే జరిగాయి. దుకాణం ముందు రోజూ గొడవే. "పచ్చ చొక్కా, జింక బొమ్మ! ఆ తెల్లవాళ్ళ జట్టు ఓడిపోవాలని మా తాత, మా నాన్న, నేను మూడు తరాలుగా మొక్కుతున్నాం" అనేవాడొకడు. "ఒరే, మనం ఆడింది ఆ గుడ్డు బంతే కదరా. ఇప్పుడు జెండా మనది, జట్టు వాళ్ళదా?" అనేవాడింకొకడు. అందరి గొంతులోనూ ఒకటే దిగులు. ఇంత కష్టపడి తెచ్చుకున్నది చేతిలో నిలుస్తుందా, మళ్ళీ ఇనుప బండ్లు వస్తాయా? పైకి ఎవరూ అనేవారు కాదు. గేటు లోపలి నుంచి కలిపా ఒక్కడే అనేవాడు: "ఒకవేళ ఓడిపోతే వాళ్ళు మనల్ని కొడతారు. గెలిస్తే ఆనందం పట్టలేక కొడతారు." అందరూ పగలబడి నవ్వేవారు. నవ్వాక కాస్త తేలికపడి ఇళ్ళకి పోయేవారు.

ఫైనల్ రోజు మధ్యాహ్నం కలిపా వింత కోరిక కోరాడు.

"నొసాఫో, సోలోమ్జీ ఇంట్లో కలర్ టీవీ ఉందిట. చూడాలని ఉందే."

నొసాఫో మిషను ఆగిపోయింది. "వెళ్ళు."

"ఒక్కణ్ణా? వీధి దాటాలి కదే! నువ్వు చెయ్యి పట్టుకుంటే వెళ్తా. లేకపోతే చచ్చేలోగా ఒక్క ఫైనలూ చూడను."

ఆ వీధి వెడల్పు ముప్ఫై అడుగులు. దాటడానికి పావుగంట పట్టింది. గేటు గడియ తీయగానే కలిపా వణుకు మొదలుపెట్టాడు. మోకాళ్ళు టకటక కొట్టుకున్నాయి. నొసాఫో ఆయన చేతిని రెండు చేతులా పట్టుకుంది. ఆమె పెదవులు సున్నంలా తెల్లబడ్డాయి. ఎక్కడో వీధి మలుపులో లారీ ఇంజను గర్‌మంది. ఆమె అడుగు గాలిలోనే ఆగిపోయింది. వెనకే వస్తున్న నొమోండెకీ ఒళ్ళు జలదరించింది. ఆ చప్పుడు ఆమెకీ గుర్తే.

"అమ్మో, లారీ! చచ్చాన్రోయ్!" అని కలిపా అక్కడే కూలబడబోయాడు.

"లే అన్నా! పాల లారీ అది. నేనున్నాగా, నడు" అంది నొసాఫో. తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు ఒక్క క్షణం తబ్బిబ్బైంది. నొమోండె తల్లి మణికట్టు పట్టుకుని చూసింది. నాడి పరిగెడుతోంది, చెయ్యి మంచుగడ్డ. మామ భయం అమ్మకీ అంటుకుందని పళ్ళు నూరింది.

ఆట మొదలవుతుందనగా టీవీలో పెద్ద విమానం ఒకటి మైదానం మీదుగా పైకప్పు రాసుకుంటూ పోయినట్టు పోయింది. గదిలో ఇరవైమంది గుండెలూ ఝల్లుమన్నాయి. నొసాఫో కొయ్యబారిపోయింది. ఇంతలో దబ్బున చప్పుడు. కలిపా బల్ల కింద ఉన్నాడు, అల్లం బీరు గిన్నెతో సహా. అందరూ పడి పడి నవ్వారు. నొసాఫో వంగి ఆయన చెవి పట్టుకుని బయటికి లాగి, శాలువాతో మొహం తుడుస్తూ తనూ నవ్వేసింది. ఆ నవ్వు నొమోండె చిన్నప్పుడు విన్నది.

ఆట సమానమై, అదనపు సమయానికి పోయి, చివరికి మూడు పాయింట్ల తేడాతో గెలిచారు. మూడు తరాల మొక్కువాడే అందరికన్నా ముందు ఏడ్చాడు.

అప్పటి నుంచి కలిపాకి కోరికలు పుట్టసాగాయి. పోస్టాఫీసు చూడాలి, చెల్లెలు తోడు రావాలి. చర్చిలో పాట వినాలి, చెల్లెలు పక్కన కూర్చోవాలి. నవంబరులో మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. వరసలో కలిపా ఏడుపు అందుకున్నాడు. "ఒకవేళ పెన్సిల్ ముల్లు గుచ్చుకుంటే?" నొసాఫో విసుక్కుంటూ, తిడుతూ, మెడ పట్టి తోస్తూ ఆయన్ని ఓట్లు వేస్తున్న బడి లోపలికి తీసుకుపోయింది. ఎలాగూ వచ్చింది కాబట్టి తనూ ఓటు వేసింది. బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయింది. కలిపా పక్కన నిలబడి, టోపీ తీసి, ఎటో చూశాడు.

ఫిబ్రవరిలో ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్పు ఫైనల్. ఈసారి పక్కనే ఉన్న తెల్లవాళ్ళ రూయిదాల్ పట్టణం హాలులో పెద్ద తెర కట్టారు, పేటవాళ్ళనీ పిలిచారు. ఆ హాలు నేల తుడిచినవాళ్ళు పేటలో చాలామంది ఉన్నారు గాని, కుర్చీలో కూర్చున్నవాళ్ళు లేరు. గుమ్మం దగ్గర తెల్ల రైతు బోషోఫ్ చేపల రొట్టెలు పంచుతున్నాడు. తొంభై నాలుగు ఎన్నికలయ్యాక అల్లర్లు వస్తాయని భయపడి ఆయన రెండేళ్ళ కిందట గిడ్డంగి నిండా చేపల డబ్బాలు కొని దాచాడు. అల్లర్లు రాలేదు. చేపలు అయిపోవడం లేదు.

"తీసుకో తల్లీ, ఇంకా నాలుగు వందల డబ్బాలున్నాయి" అని నొమోండెని బతిమాలాడు.

ఫుట్‌బాల్ అనేసరికి నొసాఫో గుమ్మంలోనే ఆగిపోయింది. తెర మీద గోలు వల కనిపిస్తోంది. కలిపా వెనక నుంచి గిలగిల్లాడాడు: "నన్ను పట్టుకోవే, పడిపోతున్నా." ఆమె పట్టుకుంది. ఇద్దరూ కూర్చున్నారు. ఒక గంట ఆమె తెర వైపు చూడలేదు, తన చేతులు చూసుకుంది.

ఇంకో పావుగంటకి పైగా ఆట మిగిలి ఉండగా మన జట్టు గోలు కొట్టింది. హాలు లేచిపోయింది. సరిగ్గా అప్పుడే తలుపు బయట ఢాం, ఢాం, ఢాం!

పేటవాళ్ళు ఆలోచించలేదు. అందరూ ఒక్కసారి నేల మీద బోర్లా పడ్డారు. తెల్లవాళ్ళూ పడ్డారు. బోషోఫ్ రొట్టెల బల్ల కింద దూరాడు. నొమోండె చెవులు మూసుకుని, కళ్ళు తెరిచి చూసింది.

హాలు మొత్తం మీద నిలబడి ఉన్నది ఒకే ఒక్క మనిషి. మామ.

చెల్లెల్ని రొమ్ముకి హత్తుకుని, వీపు తలుపు వైపు తిప్పి నిలబడ్డాడు. తూటా వస్తే ముందు తనకే తగలాలి. ఆమె తల మీద పెట్టిన చెయ్యి రాయిలా కదలకుండా ఉంది. మెడ తిప్పి ఒకసారి చెవి ఒగ్గి విన్నాడు. "టపాకాయలు. సోలోమ్జీ వెధవ పని. లేవండి, ఏం లేదు" అన్నాడు, పది గదుల అవతలికి వినిపించే గొంతుతో. అందరూ లేచారు. ఆ గొంతు చెబితే ఎవరైనా లేస్తారు.

అప్పుడు నొమోండె తనని చూస్తోందని గమనించాడు. ఒక్క క్షణం తడబడి, ఆలస్యంగా వణకడం మొదలుపెట్టాడు.

నొమోండె ఆయన రెక్క పట్టుకుని పక్క వరండాలోకి లాగింది. "మామా, గనిలో నీ పనేంటి?"

"ఏదోలే అమ్మా..."

"మామా!"

"లోపల మంటలంటుకున్నా, కప్పు కూలినా, దిగి మనుషుల్ని పైకి తెచ్చే జట్టులో ఉండేవాణ్ణి" అన్నాడు నేరం ఒప్పుకుంటున్నట్టు. "పదహారేళ్ళు."

నొమోండె పట్టుకున్న రెక్క వదిలేసింది.

"మీ నాన్న పోయాక మీ అమ్మ గేటు దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చేసేది. రోజూ. జనం పిచ్చిది అనడం మొదలుపెట్టారు. అది సిగ్గుతో చచ్చిపోతోంది. పిరికివాడు నేనైతే అది నాకు తోడున్నట్టు ఉంటుంది కదా అనుకున్నా. తన కోసం గడప దాటలేదమ్మా. ఇంకొకణ్ణి నడిపించాలంటే మాత్రం దాటుతుంది. అది కనిపెట్టడానికే నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. నేను తెలివైనవాణ్ణి కాదు."

"మరి ఓటు? అన్ని మాటలు పడ్డావే!"

"మాటలే కదా" అన్నాడు. వెంటనే గాభరాగా, "మీ అమ్మకి మాత్రం చెప్పకు. తెలిస్తే కుంగిపోతుంది" అని బతిమాలాడు. ఈసారి ఆయన కళ్ళలో భయం నిజమైనది.

లోపల రెండో గోలు పడింది. హాలు ఊగిపోయింది. నొమోండె పరిగెత్తి వెళ్ళేసరికి నొసాఫో కుర్చీ ఎక్కి నిలబడి, "కీపరు ఎటు చూస్తున్నాడ్రా! మా ఆయనైతే రెండూ ఆపేవాడు!" అని ప్రత్యర్థి జట్టుని తిడుతోంది. బోషోఫ్ ఆమె కుర్చీ కదలకుండా పట్టుకున్నాడు.

ఆట ముగిసి జనం వీధిలోకి పొర్లిపోయారు. కార్ల హారన్లు, ఈలలు, పాటలు. నొసాఫో మెట్ల మీద కూతురి భుజం పట్టుకుని నిలబడి, గుంపులోకి చూస్తూ మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కలిపా కింద చెట్టు పక్కన నక్కి, గడగడా వణుకుతూ, "నొసాఫో! ఇంతమందా! నా చెయ్యి పట్టుకోవే తల్లీ!" అని అరుస్తున్నాడు.

నొమోండె తల్లి వైపు తిరిగింది. "అమ్మా, మామ గురించి నీకొకటి..."

"ఉష్! అరవకు" అంది నొసాఫో, కూతురి చెవి దగ్గరికి వంగి. "నాకెందుకు తెలీదూ? నాలుగేళ్ళ కిందట పెరట్లోకి నాగుపాము వస్తే, తోక పట్టుకుని గిరగిరా తిప్పి, గోడ అవతలికి విసిరేసి, చేతులు కడుక్కుని వచ్చి తన నీడ చూసి భయపడ్డాడు. కిటికీలోంచి చూశాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్పనే! అంత కష్టపడి వణుకుతున్నాడు పాపం."

అని శాలువా నడుముకి బిగించి, "వస్తున్నా అన్నా, ధైర్యంగా ఉండు!" అని కేక వేస్తూ, మెట్లు దిగి గుంపులోకి వెళ్ళింది.